బ్యాటరీ ఆటో ఛార్జర్ పనిచేయట్లేదా? కొత్తది కొనే ముందు ఇవి చెక్ చేయండి

ఫోన్ ఛార్జర్ పాడైతే పక్క షాపులో ఇంకోటి కొనుక్కుని ఆ సంగతి మర్చిపోతాం. బ్యాటరీ ఆటో ఛార్జర్ విషయం అలా కాదు. రాత్రి ఛార్జింగ్ ఎక్కకపోతే పొద్దున బండి బయటికి రాదు, ఆ రోజు కిరాయి ఉండదు. పైగా కొత్త 48 వోల్టుల ఛార్జర్ అంటే వేల రూపాయల మాట. అందుకే ఈసారి ఫోన్లు పక్కన పెట్టి, నెల్లికుదురు, తొర్రూరు, కేసముద్రం లాంటి చోట్ల ఇంటి ముందు రాత్రంతా గుయ్‌మని మోగే ఈ డబ్బా గురించి మాట్లాడుకుందాం.

ఛార్జర్ రిపేర్ అని యూట్యూబ్‌లో వెతికితే ఎక్కువగా వచ్చేవి అమెరికావాళ్ల గోల్ఫ్ కార్ట్ వీడియోలు. అవి మనకు చాలావరకు పనికొస్తాయి. ఎందుకంటే గోల్ఫ్ కార్ట్, పెద్ద రైల్వే స్టేషన్లలో వృద్ధుల్ని ప్లాట్‌ఫామ్ మీద దింపే బ్యాటరీ కారు, మన బ్యాటరీ ఆటో, ఈ మూడూ లోపల దాదాపు ఒకటే. వాళ్లు 6 వోల్టుల బ్యాటరీలు ఎనిమిదో, 8 వోల్టులవి ఆరో పెడతారు. మనం 12 వోల్టులవి నాలుగు పెడతాం. ఎలా లెక్కేసినా 24 సెల్స్, 48 వోల్టులు.

తేడా అంతా గోడకున్న సాకెట్‌లో ఉంది. అక్కడి ఇళ్లలో వచ్చేది 120 వోల్టులు, మనకొచ్చేది 230. ఛార్జర్ లోపల దాన్ని డీసీగా మార్చాక పెద్ద కెపాసిటర్ మీద వాళ్లకు సుమారు 170 వోల్టులు నిలిస్తే, మనకు 325 వోల్టులు నిలుస్తాయి. ప్లగ్ పీకేశాక కూడా కాసేపు అక్కడే ఉంటాయి. వాళ్ల వీడియో చూసి మన డబ్బా విప్పేవాళ్లు ముందు ఈ లెక్క గుర్తుపెట్టుకోవాలి.

ఇంకో విషయం. ‘ఛార్జర్ కాలిపోయింది’ అని తెచ్చిన డబ్బాల్లో నిజంగా కాలినవి కొన్నే. మిగతా చోట్ల తప్పు సాకెట్‌లోనో, వైర్లోనో, బ్యాటరీలోనో ఉంటుంది. అందుకే డబ్బా విప్పడం చివరి పని. ముందు చేయాల్సింది మీటర్ పెట్టి చూడటం.

ముందు సాకెట్

48 వోల్టులు, 15 ఆంప్స్ ఛార్జర్ తీసుకుందాం. ఫుల్ స్పీడ్‌లో అది 58 వోల్టుల దగ్గర 15 ఆంప్స్ ఇస్తుంటే 870 వాట్లు. లోపల వేడిగా పోయేది కలిపితే కరెంటు నుంచి సుమారు 1,000 వాట్లు లాగుతుంది. పవర్ ఫ్యాక్టర్ సరిచేసే సర్క్యూట్ లేని చవక మోడల్ అయితే వైర్లో పారే కరెంటు 7 ఆంప్స్ దాకా పోతుంది. మన ఇళ్లలో ఫోన్లు పెట్టుకునే మామూలు సాకెట్ 5, 6 ఆంప్స్‌కి చేసింది. అరగంట ఫోన్‌కి సరిపోయే ఆ సాకెట్ మీద, ఎనిమిది గంటలపాటు 7 ఆంప్స్ నడిపితే ఏమవుతుంది? పిన్ను దగ్గర ప్లాస్టిక్ పసుపు రంగుకి తిరుగుతుంది, తర్వాత నల్లబడుతుంది, ఆ తర్వాత కాంటాక్ట్ వదులై ఛార్జర్ ఆగి ఆగి నడుస్తుంది. అందరూ తిట్టేది మాత్రం ఛార్జర్‌నే.

ప్లగ్ పిన్నులు చూడండి. ఒక పిన్ను మీద నల్ల మరక ఉంటే అసలు రోగం అక్కడే దొరికినట్టు. కూలర్, గీజర్ పెట్టుకునే 16 ఆంప్స్ సాకెట్ ఒకటి విడిగా వేయించుకుంటే చాలా సమస్యలు అక్కడితో పోతాయి.

వోల్టేజీ కూడా చూడాలి. ఛార్జర్ పెట్టక ముందు 225 ఉండి, పెట్టగానే 190కి పడిపోతే ఎక్కడో సన్న వైరు ఉందనో, జాయింట్ వదులుగా ఉందనో అర్థం. ఇలాంటి ఛార్జర్లకు ఒక గుణం ఉంది: వోల్టేజీ తగ్గితే అవి తక్కువ కరెంటుతో సర్దుకోవు, అదే పవర్ కోసం ఇంకా ఎక్కువ కరెంటు లాగుతాయి. అంటే సన్న వైరు ఇంకా వేడెక్కుతుంది. కిటికీలోంచి లాగిన, చుట్టలు చుట్టి వదిలేసిన ఎక్స్‌టెన్షన్ బోర్డు మీద ఛార్జింగ్ పెట్టొద్దని అందరూ చెప్పేది ఇందుకే.

మూడో పిన్ను సంగతి. సాకెట్‌లో పట్టట్లేదని ఎర్త్ పిన్ను విరిచేసిన ప్లగ్గులు చాలా చూశాను. ఆ తర్వాత ‘డబ్బా ముట్టుకుంటే జిల్లుమంటోంది’ అంటారు. ఛార్జర్ లోపల నాయిస్ ఆపడానికి ఫేజ్, న్యూట్రల్ రెండింటి నుంచీ బాడీకి చిన్న కెపాసిటర్లు ఉంటాయి. ఎర్త్ లేకపోతే బాడీ మీద మెయిన్స్‌లో సగం దాకా వోల్టేజీ తేలుతుంది. అందులో కరెంటు చాలా తక్కువ కాబట్టి జిల్లుమని వదిలేస్తుంది. కానీ అదే ఛార్జర్‌లో రేపు ఇన్సులేషన్ దెబ్బతిని ఫేజ్ నేరుగా బాడీకి తగిలినా, మొదట తెలిసేది ఆ జిల్లుమనడమే. అప్పుడు మాత్రం వదిలిపెట్టదు. ఎర్త్ సరిచేయించండి, వీలైతే 30 మిల్లీ ఆంప్స్ ఆర్‌సీసీబీ పెట్టించండి. నా లెక్కలో ఈ ఆర్టికల్ మొత్తంలో డబ్బుకి తగ్గ ప్రాణ రక్షణ ఇదే.

తర్వాత బ్యాటరీలు, ఒక్కొక్కటిగా

బీటెక్ చదివితే ఊళ్లో ఫ్యాన్ నుంచి బోరు మోటారు దాకా అన్నీ మనకే చూపిస్తారు, చదివింది కంప్యూటర్ సైన్స్ అయినా సరే. మొన్నామధ్య వరసకు మామయ్యే ఒకాయన ఫోన్ చేశాడు. “అల్లుడా, నువ్వు ఇంజినీరువే కదా. ఈ ఛార్జర్ ఒక్కసారి చూడరాదూ. రాత్రంతా పెట్టినా ఎర్ర లైటే ఉంటది, పచ్చ లైటు రానే రాదు” అన్నాడు. అప్పటికే పాత ఛార్జర్ పోయిందని ఎవరో చెబితే కొత్తది కొన్నాడు. కొత్తదానిలోనూ అదే ఎర్ర లైటు.

సీటు లేపి, బండి ఆపి రెండు గంటలైన బ్యాటరీలకు ఒక్కోదానికి మీటర్ పెట్టాం. 12.4, 12.3, 12.4, 10.2. అసలు కథ ఆ నాలుగో అంకెలో ఉంది. లెడ్ యాసిడ్ సెల్ ఒక్కోటి 2.1 వోల్టులు. మిగతావాటి కన్నా ఒక బ్యాటరీ రెండు వోల్టులు తక్కువ చూపిస్తే, అందులో ఒక సెల్ షార్ట్ అయి చచ్చిపోయిందని దాదాపు గ్యారంటీగా చెప్పొచ్చు.

ఇప్పుడు ఛార్జర్ వైపు నుంచి ఆలోచించండి. దానికి తెలిసింది ఒక్కటే: మొత్తం వోల్టేజీ 57.6 దాకా చేరాలి, తర్వాత కరెంటు తగ్గాలి, అప్పుడు పచ్చ లైటు. 24 సెల్స్ ఉంటే ఒక్కోదానికి 2.4 వోల్టులు వస్తాయి, అది సరైన లెక్క. 23 సెల్సే మిగిలాయనుకోండి, అదే 57.6 చేరడానికి ఒక్కో సెల్ 2.5 వోల్టులకు పోవాలి. అంటే మంచి బ్యాటరీలు మూడూ రాత్రంతా ఓవర్‌ఛార్జ్ అవుతూ, నీళ్లు తాగుతూ, వేడెక్కుతూ ఉంటాయి. కరెంటు తగ్గదు, పచ్చ లైటు రాదు. ఛార్జర్ తన పని తాను సరిగ్గానే చేస్తోంది. కొత్త ఛార్జర్ కొన్న డబ్బు ఉత్తగా పోయింది, పైగా వారం రోజుల్లో మిగతా మూడు బ్యాటరీల ఆయుష్షు కూడా కొంత తినేసింది.

ఆ నాలుగోదాన్ని మార్చాలి. మూడు పాతవాటి మధ్య ఒక సరికొత్తది పెట్టడం మంచిది కాదు, పాతవి దాన్ని కిందికి లాగుతాయి. బ్యాటరీ షాపులో అదే కంపెనీ, అదే ఆంపియర్ అవర్, సుమారు అదే వయసున్న సెకండ్ హ్యాండ్‌ది దొరికితే అది మేలు.

రీడింగ్ తీసే పద్ధతి ముఖ్యం. ఛార్జింగ్ నుంచి తీయగానే కొలిస్తే అన్నీ ఆరోగ్యంగానే కనిపిస్తాయి. కనీసం రెండు గంటలు వదిలేయండి. అప్పుడు 12.6 నుంచి 12.7 ఉంటే ఫుల్, 12.1 లేదా 12.2 అంటే సగం, 11.9 కన్నా తక్కువంటే దాదాపు ఖాళీ.

దీనికి ఉల్టా సమస్య కూడా ఉంది. బండి నెల రోజులు మూలన పడేస్తే నాలుగూ దిగిపోయి మొత్తం 30 వోల్టులే ఉండొచ్చు. చాలా ఛార్జర్లు ముందు బ్యాటరీ వోల్టేజీ చూసుకుని, అది మరీ తక్కువుంటే అసలు స్టార్టే కావు. పాత గోల్ఫ్ కార్ట్ ఛార్జర్లలో అయితే లోపలి రిలే పట్టుకోవడానికే బ్యాటరీ వోల్టేజీ కావాలి. లైటు వెలగదు కాబట్టి ఛార్జర్ పోయిందనుకుంటాం. మీటర్‌తో ఖాళీ పిన్నుల దగ్గర కొలిస్తే సున్నా వస్తుంది, దాంతో అనుమానం గట్టిపడుతుంది. నిజానికి బ్యాటరీ తగిలించకపోతే సున్నా చూపించడం కొన్ని మోడల్స్‌కి మామూలే. బ్యాటరీల మధ్య లింకులు విప్పి, ఒక్కోదాన్ని 12 వోల్టుల ఛార్జర్‌తో తక్కువ కరెంటు మీద కొంత పైకి తెచ్చాక ఇదే ‘చచ్చిన’ ఛార్జర్ మళ్లీ లేస్తుంది. ఈ పని బ్యాటరీ షాపులో చేయించడం తేలిక.

వైరు, టెర్మినల్, ఫ్యూజు

ఇది త్వరగా అయిపోతుంది. బ్యాటరీల దగ్గర 50 వోల్టులు ఉండి, బండికి ఉన్న ఛార్జింగ్ సాకెట్‌లో సున్నా వస్తే మధ్యలో ఫ్యూజో వైరో పోయింది. రెండు చోట్లా వోల్టేజీ ఉండి, ఛార్జింగ్ నడుస్తున్నప్పుడు మాత్రం ఛార్జర్ దగ్గరకీ బ్యాటరీ దగ్గరకీ ఒక వోల్టు తేడా వస్తే ఎక్కడో చిలుము పట్టింది, లేదా నట్టు వదులైంది. చేయి దగ్గరగా పెడితే ఆ జాయింట్ వేడిగా తెలుస్తుంది. ఛార్జర్ తీసేసి, తినే సోడా కలిపిన నీళ్లతో టెర్మినల్స్ కడిగి, ఆరాక బిగించి, పైన పెట్రోలియం జెల్లీ రాయండి. ఆ సోడా నీళ్లు బ్యాటరీ మూతల్లోంచి లోపలికి పోకూడదు, మూతలు బిగించే కడగండి.

పానాకి చివర తప్ప మిగతా అంతా ఇన్సులేషన్ టేప్ చుట్టండి. ఉంగరం, వాచీ, కడియం తీసి జేబులో వేసుకోండి. 48 వోల్టులు షాక్ కొట్టదులే అనే మాట వింటుంటాం. షాక్ సంగతి ఎలా ఉన్నా, ఈ బ్యాటరీలు షార్ట్ అయితే వందల ఆంప్స్ ఒక్కసారిగా వదులుతాయి. రెండు టెర్మినల్స్ మధ్య పడ్డ పానా వెల్డింగ్ రాడ్‌లా వెలుగుతుంది. అదే వేలికున్న ఉంగరం అయితే ఏమవుతుందో చెప్పక్కర్లేదు.

ఫ్యూజ్ పోతే అదే రేటింగ్‌ది వేయండి. రాగి తీగ చుట్టి నడిపించడం మన దగ్గర పెద్ద విద్య, ఇక్కడ మాత్రం ఆ విద్య చూపించొద్దు. డీసీ వైపు ఫ్యూజ్ పోయిందంటే చాలాసార్లు ఎవరో ప్లస్, మైనస్ తిప్పి పెట్టారని అర్థం.

సీటు లేపి ఛార్జింగ్ పెట్టండి

2022లో ఏప్రిల్ నెలలోనే నిజామాబాద్, విజయవాడల్లో ఇళ్ల లోపల ఛార్జింగ్‌లో ఉన్న స్కూటర్ బ్యాటరీలు పేలి ప్రాణాలు పోయాయి. అదే ఏడాది సెప్టెంబర్ 12న సికింద్రాబాద్‌లో కింద ఎలక్ట్రిక్ స్కూటర్ల షోరూమ్, పైన లాడ్జి ఉన్న భవనంలో మంటలు లేచి 8 మంది చనిపోయారు. అవన్నీ లిథియం బండ్లు. ‘మాది యాసిడ్ బ్యాటరీ, దానికి ఆ గొడవ లేదు’ అనుకుంటారు చాలామంది. లిథియంలా తగలబడదు, నిజమే. దీని ప్రమాదం వేరే, అది కంటికి కనిపించదు.

ఛార్జింగ్ చివర్లో లెడ్ యాసిడ్ బ్యాటరీలో నీళ్లు విడిపోయి హైడ్రోజన్ వస్తుంది. గాలిలో అది 4 శాతం దాటితే చిన్న నిప్పురవ్వకి కూడా అంటుకుంటుంది. చిన్న లెక్క వేద్దాం. అదనంగా పోయే ప్రతి ఆంపియర్ అవర్‌కి ఒక్కో సెల్ నుంచి సుమారు 0.42 లీటర్ల హైడ్రోజన్ వస్తుంది. చివర్లో 5 ఆంప్స్ ఇలా పోతున్నాయనుకుంటే, 24 సెల్స్ కలిపి గంటకు 50 లీటర్లు. పది అడుగుల గది నిండి 4 శాతం చేరాలంటే ఇరవై గంటల పైనే పడుతుంది, కాబట్టి గది మొత్తం పేలడం అంత తేలిక కాదు. కానీ మన ఆటోలో బ్యాటరీలు ఉండేది గదిలో కాదు, సీటు కింద పెట్టెలో. అందులో ఖాళీ జాగా 150 లీటర్లు అనుకుందాం. దానిలో 4 శాతం అంటే 6 లీటర్లే. గంటకు 50 లీటర్ల లెక్కన ఏడెనిమిది నిమిషాలు.

పెట్టెకి సందులుంటాయి, కొంత గ్యాస్ బయటికి పోతుంది, సరే. అయినా ఛార్జింగ్ పెట్టేటప్పుడు సీటు తీసి పక్కన పెట్టడానికి ఒక్క రూపాయి ఖర్చు కాదు. బీడీ, అగరొత్తి, గ్యాస్ పొయ్యి ఆ దగ్గర్లో ఉండకూడదు. మనుషులు పడుకునే గదిలో బండి అస్సలు వద్దు.

నిప్పురవ్వ ఎక్కువగా వచ్చేది మనం ప్లగ్ పెట్టి తీసేటప్పుడే. అందుకే క్రమం పాటించండి: పెట్టేటప్పుడు ముందు బ్యాటరీ వైపు కనెక్టర్, తర్వాత గోడ స్విచ్. తీసేటప్పుడు ముందు గోడ స్విచ్, తర్వాత బ్యాటరీ వైపు. కుళ్లిన కోడిగుడ్డు వాసన వస్తే స్విచ్ ఆపి దూరంగా వచ్చేయండి, ఏదో ఒక బ్యాటరీ బాగా ఓవర్‌ఛార్జ్ అవుతోంది. యాసిడ్ కంట్లో పడితే ఆలోచించకుండా నీళ్లు, నీళ్లు, ఇంకా నీళ్లు, ఆ తర్వాత ఆసుపత్రి.

ఇక డబ్బా విప్పాల్సి వస్తే

ఇక్కడ నా అభిప్రాయం సూటిగా చెప్తాను. ఫ్యాన్ మార్చడం, బయటి వైరు మార్చడం వరకు చేయి తిరిగిన ఎవరైనా చేయొచ్చు. బోర్డు మీద చేయి పెట్టాలంటే మాత్రం టీవీ, ఇన్వర్టర్ బాగుచేసే అనుభవం ఉన్నవాళ్లే పెట్టాలి.

ఫ్యాన్ దగ్గర మొదలుపెట్టండి. ‘ఇరవై నిమిషాలు నడిచి ఆగిపోతుంది, చల్లారితే మళ్లీ నడుస్తుంది’ అంటే తొంభై శాతం అనుమానం దాని మీదే. పత్తి సీజన్లో మన దగ్గర గాలిలో దుమ్ముకి తోడు పత్తి నూగు కూడా ఉంటుంది. అది ఫ్యాన్ రెక్కలకీ హీట్ సింక్‌కీ దుప్పటిలా పట్టేస్తుంది. బ్రష్‌తో దులిపి, ఫ్యాన్ బిగుసుకుపోతే అదే సైజు, అదే వోల్టేజీ ఉన్నది వేస్తే పని అయిపోతుంది.

బోర్డు చూసే మెకానిక్ సోదరులకు కొన్ని మాటలు. రెండు వైపులా ప్లగ్గులు తీసి కనీసం పది నిమిషాలు ఆగండి. తర్వాత 600 వోల్టుల రేటింగ్ ఉన్న మీటర్‌తో పెద్ద కెపాసిటర్ మీద కొలవండి. ఇంకా ఉంటే, ఇన్సులేషన్ ఉన్న వైర్లతో ఒక పాతకాలం బల్బు తగిలించి ఖాళీ చేసి, మళ్లీ కొలిచి నమ్మండి. స్క్రూడ్రైవర్‌తో చిటుక్కుమనిపించే పద్ధతిలో కెపాసిటర్, స్క్రూడ్రైవర్, కన్ను, ఏదైనా పోవచ్చు.

లోపలి గాజు ఫ్యూజ్ చూస్తే సగం కథ తెలుస్తుంది. తీగ శుభ్రంగా తెగితే వయసైపోయిందనో, ఒకసారి సర్జ్ వచ్చిందనో అనుకోవచ్చు. గాజు లోపలంతా నల్లగా మాడితే వెనక ఎక్కడో పూర్తి షార్ట్ ఉంది, సాధారణంగా బ్రిడ్జ్ రెక్టిఫయర్ లేదా మాస్‌ఫెట్. అది మార్చకుండా కొత్త ఫ్యూజ్ వేస్తే మళ్లీ ఢాం అంటుంది. పార్ట్స్ మార్చాక నేరుగా సాకెట్‌లో పెట్టకుండా, 100 వాట్ల బల్బు ఉన్న సిరీస్ బోర్డు మీద పెట్టండి. బల్బు ఒక్కసారి మెరిసి మసకబారితే దారిలో పడ్డట్టే. వెలుగుతూనే ఉంటే షార్ట్ ఇంకా పోలేదు.

ఒక్కచోట మాత్రం రిపేరే వద్దంటాను. బండిని లిథియం బ్యాటరీకి మార్చుకున్నవాళ్లు పాత యాసిడ్ ఛార్జర్‌నే ‘కనెక్టర్ పట్టింది కదా’ అని వాడుతున్నారు. కనెక్టర్ ఒకటే కావచ్చు, లోపలి లెక్క వేరు. ‘48 వోల్టులు’ అని అమ్మే లిథియం ప్యాక్‌లలో సెల్స్‌ని బట్టి కొన్నింటికి గరిష్ఠం 54.6, కొన్నింటికి 58.4 వోల్టులు. బీఎంఎస్ కాపాడుతుందిలే అనుకోవద్దు. అది ఆఖరి గోడ, రోజూ దాన్ని గుద్దడానికి పెట్టలేదు. అలాగే లిథియం ఛార్జర్‌లో వోల్టేజీని అదుపు చేసే భాగం పాడైతే బాగుచేసి వాడే కన్నా, బ్యాటరీ కంపెనీ చెప్పిన ఛార్జరే కొత్తది కొనండి. అక్కడ మిగిలే డబ్బు కన్నా రిస్క్ పెద్దది.

రిపేర్ అయ్యాక మొదటి ఛార్జింగ్ పగలు, మనిషి ఉండగా పెట్టండి. యాసిడ్ బ్యాటరీ సెట్టుకి గంట గంటకీ మొత్తం వోల్టేజీ రాసుకోండి. మెల్లగా పెరుగుతూ మోడల్‌ని బట్టి 57.6 నుంచి 59 మధ్య ఆగాలి, పచ్చ లైటు వచ్చాక 54, 55 దగ్గరికి దిగాలి. 60 దాటితే వెంటనే ఆపేయండి. మే నెల ఎండల్లో ఇంకో తిరకాసు ఉంది. ఈ అంకెలన్నీ 25 డిగ్రీల లెక్క. 40 డిగ్రీల్లో అదే బ్యాటరీకి సుమారు ఒకటిన్నర వోల్టు తక్కువ సరిపోతుంది, కానీ మన చవక ఛార్జర్లకు ఎండ సంగతి తెలియదు. అందుకే వేసవిలో బండి రాగానే పెట్టకుండా, బ్యాటరీలు చల్లబడ్డాక రాత్రి పెట్టండి. నెలకోసారి చూసే నీళ్లు వారానికోసారి చూడండి. డిస్టిల్డ్ వాటరే, అదీ ఛార్జింగ్ పూర్తయ్యాకే పోయాలి. ముందే నిండా పోస్తే ఛార్జింగ్‌లో పొంగి, యాసిడ్ పెట్టె అడుగున ఉన్న ఇనుముని తినడం మొదలుపెడుతుంది.